కుర్చీ దిగని చుక్క

వాచీలు బాగుచేసే ఆయన ఉదయం తొమ్మిదింటికి షట్టర్ ఎత్తాడు. తొమ్మిదీ పదికి మొదటి కస్టమర్ వచ్చాడు. తొమ్మిదీ పదకొండుకల్లా ఆయన ప్రాణం పోయింది.

ఎదురుగా మందుల షాపులో కూర్చునే అమ్మాయి చెప్పింది ఇంతే. పొడుగాటి మనిషి, బూడిదరంగు చొక్కా, చంకలో ఆగిపోయిన గోడగడియారం. లోపలికెళ్లాడు, నిమిషంలో వచ్చేశాడు. పోతూ పోతూ ఎండ పడకుండా షట్టర్ సగం దించి మరీ వెళ్లాడు. "మర్యాదస్తుడనుకున్నానండీ" అని ఏడ్చింది ఆ పిల్ల.

లోపల వాచీలాయన బల్ల మీదికి వంగి ఉన్నాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం పెట్టుకున్నట్టే ఉంది. మెడ వెనక, సూది దిగిన చోట, ఆవగింజంత మచ్చ.

ఆయన ఆ ఊళ్లో మూడేళ్లుగా ఉంటున్నాడు. ఆ పేరు ఆయనది కాదు, ఆ ఊరూ ఆయనది కాదు. అంతకు ముందు సరిహద్దు అవతలి ముఠాకి రహస్య సంకేతాలు రాసిపెట్టేవాడు. ఒకరోజు మనసు విరిగి, రాసిందంతా బుర్రలో పెట్టుకుని ఇవతలికి వచ్చేశాడు. గవర్నమెంటు ఆయనకి కొత్త పేరు, ఒక షాపు, ఒక బల్ల ఇచ్చింది. కాపలా కూడా ఇచ్చామనుకుంది.

* * *

"ఇక్కడ లిఫ్టులు రిపేరు చేయబడును" అనే బోర్డున్న బిల్డింగులో లిఫ్టు పనిచేయక నాలుగేళ్లయింది. మాస్టారు నాలుగంతస్తులూ మెట్లెక్కి, తలుపు దగ్గర ఒక నిమిషం మోకాలు పట్టుకుని నిలబడి, అప్పుడు లోపలికెళ్లాడు.

ఆయన మాస్టారు కాదు. ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. పాఠం మర్చిపోయి క్లాసులోకొచ్చిన లెక్కల టీచర్లా కనిపిస్తాడని సర్వీసులో చేరిన కొత్తలో ఎవరో ఆ పేరు పెట్టారు. ఇరవై ఆరేళ్లలో పదకొండు పాస్‌పోర్టులు మారాయి, పేరు మాత్రం మారలేదు. ఇప్పుడాయనకి యాభై మూడు. డిపార్ట్‌మెంటులో ఆయనంత మెల్లగా నడిచే ఏజెంటు లేడు, అంతమందిని ప్రాణాలతో సరిహద్దు దాటించినవాడూ లేడు.

గదిలో డిపార్ట్‌మెంటు పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

"మన వాచీలాయన పోయాడు" అన్నాడు పెద్దాయన. అలాంటి మాటలు ఆయన నిలబెట్టే చెబుతాడు. కూర్చోబెట్టి చెబితే లేవలేరని ఆయన నమ్మకం.

మూడు వారాల కిందటే మాస్టారు ఆ షాపుకి వెళ్లి, ఆ బల్ల ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగి వచ్చాడు. నెలకోసారి చూసి రావడం డ్యూటీ.

"ఫోన్ ఏమైనా కొనుక్కున్నాడా?" అడిగాడు మాస్టారు.

"లేదు. కంప్యూటర్ లేదు. ఉత్తరాలు రాసే అలవాటు లేదు. ఆయన ఎక్కడున్నాడో తెలిసినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే. ఒకడిని నేను."

"రెండోవాడిని నేను."

"అందుకే నిద్ర పట్టడం లేదు. నేను చెప్పలేదని నాకు తెలుసు. నువ్వు చెప్పవని కూడా తెలుసు. మరి ఎవరు చెప్పినట్టు?"

కిటికీ అవతల ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. పెద్దాయన లేచి కిటికీ మూసి, టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు. పొడుగాటి మనిషి, బూడిదరంగు చొక్కా.

"వడ్రంగి" అన్నాడు మాస్టారు.

"వాడే. ఎప్పుడూ ఒంటరిగా వస్తాడు, ఒకే దెబ్బతో పని ముగిస్తాడు. ఇప్పుడిక దుబాసి మిగిలింది."

దుబాసి అంటే ఆ ముఠాలో పదేళ్లు రెండు భాషల మధ్య మాట అందించిన ఆవిడ. ఎవరు ఎవరిని ఎంతకి కొన్నారో ఆవిడ చెవుల ముందే జరిగింది. ఇప్పుడు ఒక చిన్న ఊళ్లో లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టుకుంటోంది. రేపు సాయంత్రం నాలుగింటిలోగా విచారణ కమిటీ ముందు ఆవిడ వాంగ్మూలం మొదలుపెట్టాలి. నాలుగు దాటితే కమిటీ గడువు ముగుస్తుంది, ముఠా మనుషులు దర్జాగా విమానమెక్కేస్తారు.

"నువ్వే వెళ్లి తీసుకురా. నీకు తప్ప ఆవిడ అడ్రస్ ఎవరికీ తెలియదు. నువ్వు కూడా ఆర్నెల్లుగా అటు వెళ్లలేదు. ఇవాళ మాత్రం ఇంకో పని. 'తోడు' యాప్ తెలుసా?"

"మా ఇంట్లో ఇద్దరికి తెలుసు."

"ఆ కంపెనీ సర్వర్లలో ముఠా చెయ్యి ఉందట. లోపల మన మనిషి ఒకతి ఉంది. ఆవిడ మారుపేరు చుక్క. వెళ్లి కలువు."

* * *

తోడు యాప్ తెలియనివాళ్లు ఎవరున్నారు? ఫోన్‌లో మ్యాపు, మ్యాపు మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. అమ్మ బజారులో ఉంది, తమ్ముడు బస్సులో ఉన్నాడు, స్నేహితురాలు ఇంకా నిద్ర లేవలేదు. ఎక్కడున్నావని అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు.

మాస్టారి ఫోన్ మాత్రం ఏళ్ల తరబడి ఒకే పని చేస్తోంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు మూడో అంతస్తులో, ఒక కుర్చీలో, డిపార్ట్‌మెంటు టెక్నీషియన్ తయారుచేసిన డబ్బాలో పడుకుని ఉంటుంది. ఫోన్ వస్తే ఆ డబ్బా "మీటింగ్‌లో ఉన్నాను" అని మెసేజ్ పెడుతుంది. భార్య తోడు తెరిచి చూస్తే భర్త ఆఫీసులోనే ఉంటాడు. ఎక్కడో మురికి కాలవ గట్టున పడుకుని బైనాక్యులర్స్‌లో చూస్తున్నప్పుడు కూడా ఆయన చుక్క మాత్రం కుర్చీలో భద్రంగా ఉంటుంది.

మధ్యాహ్నం తోడు ఆఫీసులో చుక్కని కలవడానికి వేషం మార్చుకోవాలి. ఇంటికెళ్లి భోంచేసి బయల్దేరదామనుకున్నాడు.

ఇంట్లో కూతురు సోఫాలో మొహం మాడ్చుకుని కూర్చుంది. కాలేజీ సెలవు.

"ఏమైందే?"

"చూడు నాన్నా." ఫోన్ మొహమ్మీద పెట్టింది. మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి. "నా ఫ్రెండ్స్ ముగ్గురూ ఒకేచోట ఉన్నారు. నన్ను పిలవలేదు."

"మర్చిపోయుంటారులే."

"ముగ్గురూ ఒకేసారి మర్చిపోతారా? నేను చూస్తున్నానని కూడా వాళ్లకి తెలుసు."

"అయితే చూడటం మానెయ్."

"మానేస్తే అలిగిందంటారు. చుక్క ఆపేస్తే ఏదో దాస్తోందంటారు." అరచేత్తో ముక్కు తుడుచుకుంది. "బాగున్నన్నాళ్లూ ఎంత బాగుంటుందో తెలుసా? మొన్న బస్సు చెడిపోయి రోడ్డు మీద ఉండిపోయా. నేను ఎవరికీ చెప్పకుండానే వాళ్లలో ఒకతి స్కూటర్ వేసుకుని వచ్చేసింది. నీ చుక్క కదలట్లేదేంటే అని. అలాంటిది ఇప్పుడు..."

భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. "ఆఫీసు లేదా? మీ చుక్క ఆఫీసులోనే ఉందే."

"ఫోన్ అక్కడే మర్చిపోయా."

"ఊఁ" అంది ఆవిడ. ఆ ఊఁలో నమ్మకం లేదు, గొడవా లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆయనకి అలవాటైన ఊఁ అది. భోజనం పెట్టి, ఆయన పాత సంచి తెచ్చి చేతికిచ్చింది. అందులో మోకాలికి రాసుకునే మందు, చదువుకునే అద్దాలు, ఒక తువ్వాలు. ఎన్ని వేషాలు మార్చినా మాస్టారు ఆ సంచి మార్చడు. ట్రెయినింగ్‌లో అది తప్పని చెబుతారు. మోకాళ్లు నొప్పిపుట్టే వయసు గురించి మాత్రం ఆ ట్రెయినింగ్‌లో ఎవరూ చెప్పరు.

* * *

తోడు కంపెనీ ఆఫీసంతా అద్దాలే. ఏసీ మెకానిక్ యూనిఫాంలో, చేతిలో స్టూలుతో, మాస్టారిని ఎవరూ ఆపలేదు. స్టూలు పట్టుకున్నవాడిని ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆపరు.

ఏడో అంతస్తు మూల గదిలో చుక్క ఉంది. ఊరంతా హోర్డింగుల మీద "మీ పక్కనే ఉన్నా" అని నవ్వే మొహం. ఎర్రచీర, పొట్టి జుట్టు, చూపు తిప్పుకోలేని అందం. కంపెనీ ప్రచారమంతా ఆవిడ చేతిలో. సరిహద్దు అవతలివాళ్లు ఆవిడ తమ మనిషే అనుకుంటారు. ఇవతల పెద్దాయన కూడా అదే అనుకుంటాడు. ఎనిమిదేళ్లుగా ఇద్దరికీ సర్దిచెబుతూ వస్తోంది.

"గ్యాస్ తగ్గిందా మేడం, శబ్దం పెరిగిందా?"

"రెండూ కాదు. చలి ఎక్కువైంది."

కోడ్ కుదిరింది. ఆయన స్టూలెక్కి ఏసీ మూత ఊడదీశాడు. ఆ చప్పుడులో ఆవిడ మాట్లాడింది.

"మీ డబ్బాలు దొరికిపోయాయి."

"ఏ డబ్బాలు?"

"కుర్చీ చుక్కలంటాం మేం. మామూలు మనిషి చుక్క ఆఫీసులో కూడా తిరుగుతుంది. టీకి వెళ్తుంది, బాత్రూమ్‌కి వెళ్తుంది. ఊళ్లో పదకొండు చుక్కలు మాత్రం తొమ్మిది నుంచి ఆరు దాకా కుర్చీ దిగవు. ఏళ్ల తరబడి బాత్రూమ్‌కి వెళ్లనివాళ్లు పదకొండు మంది! ఎవరై ఉంటారో వాళ్లకి తెలియదా?"

మాస్టారి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "ఇది కనిపెట్టిందెవరు?"

"నేనే."

ఆయన కిందికి చూశాడు. ఆవిడ కళ్లు దించుకోలేదు.

"ఏదో ఒకటి ఇవ్వకపోతే వాళ్లు నన్ను నమ్మరు. మీ ఉద్యోగాలు బయటపడతాయి, అంతకంటే ఏమీ కాదనుకున్నా. వాచీలాయన దాకా వెళ్తుందనుకోలేదు."

"ఎలా వెళ్లింది? ఆయన దగ్గర ఫోనే లేదు. నేను వెళ్లినప్పుడు నా దగ్గరా లేదు."

"అదే తెలియడం లేదు. ఇవాళ రేపట్లో సర్వర్ తవ్వుతాను. దొరికితే ఫోన్ చేస్తా."

"నా దగ్గర ఫోన్ ఉండదు."

"వాళ్లు మిమ్మల్ని ఎలా పట్టుకున్నారో తెలిస్తే, నేను కూడా మిమ్మల్ని పట్టుకోగలను కదా" అంది. హోర్డింగు మీది నవ్వు కాదది. "నాకు ఈ యాప్‌లో నలభై వేలమంది స్నేహితులు మాస్టారూ. నా చుక్క ఒక్కరికీ కనిపించదు. ఈ గదిలో కళ్లు తిరిగి పడిపోతే రేపు ఊడ్చడానికొచ్చే మనిషి చూడాలి."

మాస్టారు ఏసీ మూత బిగించాడు. స్టూలు తీసుకుని బయల్దేరాడు.

* * *

మర్నాడు రెండు బస్సులు, ఒక రైలు మారాడు. మొదటి బస్సులో విత్తనాల వ్యాపారి. రైల్లో పెన్షన్ కాగితాల కోసం తిరిగే ముసలాయన. ప్రతి మలుపులోనూ ఆగాడు, షాపు అద్దాల్లో వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. పన్నెండున్నరకి లైబ్రరీ చేరాడు.

రోడ్డుకి బాగా లోపలగా, తోట మధ్యలో పాత రాతి భవనం. అప్పటికి చదివేవాళ్లు నలుగురో అయిదుగురో ఉన్నారు. లైబ్రేరియన్ సెలవులో ఉన్నాడు. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా లంచ్ బ్రేక్, ఆ టైములో దుబాసి ఒక్కతే ఉంటుంది. ఒంటిగంటకి ఆఖరి మనిషిని పంపించి, తలుపు దగ్గరగా వేసి, మాస్టారు కూర్చున్న బైండింగ్ గదిలోకి వచ్చింది. అరవై దాటిన మనిషి. వేళ్లకి జిగురు.

"వచ్చేశారా మాస్టారూ. ఈ ఒక్క పుస్తకం అట్ట అతికించేసి వస్తా."

"టైం లేదు మేడం."

"మూడేళ్లు ఇక్కడ టైం తప్ప ఇంకేమీ లేదు." అంటూనే అట్ట మీద బరువు పెట్టింది. "మీకో సంగతి చెప్పాలి. ఇక్కడికి చదువుకోడానికి ఒక పిల్ల వస్తుంది. పుస్తకం తెరుస్తుంది, ఫోన్ చూస్తుంది. తను ఇష్టపడ్డ అబ్బాయి చుక్క చూసుకుంటుందట. బస్సెక్కాడు, దిగాడు అని తనలో తనే నవ్వుకుంటుంది. మొన్న ఆ చుక్క మాయమైంది. వాడు ఆపేశాడు. ఫోన్ చేసి అడగరాదా అన్నాను. ఏమని అడగనూ అంది. నాకు జాలేసింది. అంతలోనే కుళ్లు కూడా పుట్టింది మాస్టారూ. నన్ను అలా వెతికేవాళ్లు ఒక్కరుంటే ఎంత బాగుణ్ణు అనిపించింది."

"మిమ్మల్ని వెతికేవాడు ఒకడున్నాడు. అందుకే వచ్చాను."

అప్పుడే ఫోన్ మోగింది. లైబ్రరీ ల్యాండ్‌లైన్, బైండింగ్ గది గోడకి ఉన్న పాత నల్ల ఫోన్.

దుబాసి ఎత్తింది, విని, రిసీవర్ ఆయనకిచ్చింది. "ఎవరో ఆడమనిషి. ఏసీ మెకానిక్ కావాలంటోంది."

"చెప్పండి" అన్నాడు మాస్టారు.

"దొరికింది" చుక్క గొంతు వేగంగా ఉంది. "మీ ఫోన్ కాదు. మీ ఇంటి అకౌంటులో ఇంకో చుక్క ఉంది. పేరు 'సంచి'. మీ భార్య ఫోన్‌కి కలిపి ఉంది. రెండు నెలలుగా తిరుగుతోంది. మూడు వారాల కింద వాచీల షాపులో గంటసేపు ఆగింది. ఇప్పుడు లైబ్రరీలో ఉంది. అందుకే ఈ నంబర్ దొరికింది నాకు. వడ్రంగి బయల్దేరాడు. నలభై నిమిషాల్లో అక్కడుంటాడు."

"మీరు?"

"నా గది బయట ఎవరో ఉన్నారు" అంది. లైన్ కట్టయింది.

మాస్టారు సంచి బల్ల మీద బోర్లించాడు. మందు, అద్దాలు, తువ్వాలు. లోపలి గుడ్డ అంచు వేళ్లతో తడిమాడు. ఒక మూల కొత్త కుట్టు. పొట్టిపొట్టిగా, ఒకదానిని ఒకటి కరుచుకున్నట్టు. ఆ కుట్టు ఆయనకి తెలుసు. ఆయన చొక్కాల గుండీలన్నీ ఆ కుట్టు మీదే నిలబడ్డాయి. విప్పితే గుండీకంటే కాస్త పెద్ద తెల్ల బిళ్ల బయటపడింది.

ఆయన కూర్చుండిపోయాడు.

కుర్చీలో చుక్కని ఆవిడ నమ్మలేదు. గొడవ పడలేదు, అడగలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. మనిషి ఎక్కడో ఒకచోట ప్రాణాలతో ఉన్నాడని తెలిస్తే చాలనుకుంది. సంచి మాత్రం ఎప్పుడూ వెంటే ఉంటుందని గమనించి, అందులో కుట్టింది. ఆ సంచి తగిలించుకుని ఆయన వాచీలాయన ఎదురుగా గంటసేపు కూర్చుని టీ తాగాడు.

"దాన్ని పగలగొట్టేయండి" అంది దుబాసి.

"పగలగొడితే, ఇక్కడికి రాగానే బిళ్ల కనిపించక, మనకి తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది. వెనక్కి తిరిగి మీ బస్సు వెంట పడతాడు." మాస్టారు లేచాడు. "మీరు ఒంటి గంటా ఇరవై బస్సెక్కండి. వెనక గేటు నుంచి వెళ్లండి. పెద్ద జంక్షన్‌లో మా కారు ఉంటుంది. ఒక్కరే వెళ్లాలి. వెళ్లగలరా?"

"మూడేళ్లుగా ఏం చేస్తున్నాననుకున్నారు?" అని ఆవిడ చేతులు కడుక్కుంది.

పెద్దాయనకి ఫోన్ చేశాడు. కారు జంక్షన్‌కి వస్తుంది. లైబ్రరీకి మనుషులు రావాలంటే మాత్రం గంట పడుతుంది.

వడ్రంగికీ వాళ్లకీ మధ్య ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ యాభై మూడేళ్ల మనిషి ఒక్కడే నెట్టుకురావాలి. తుపాకీ లేదు. బస్సుల్లో, రైళ్లలో తిరిగేటప్పుడు తీసుకురాడు.

బైండింగ్ గది తలుపుకి ఆరడుగుల దూరంలో నేలమాళిగకి దారి. పాత పుస్తకాలు దాచే గది. ఇనుప తలుపు, బయటి వైపు గడియ. పద్నాలుగు మెట్లు దిగితే మందపాటి రాతి గోడలు. మాస్టారు మెట్ల మీద నిలబడి, టెక్నీషియన్ ఎప్పుడో చెప్పిన క్లాసు గుర్తు చేసుకున్నాడు. సగం క్లాసు కునికిపాట్లలో పోయింది. మిగిలిన సగం ఇది: ఆ బిళ్లకి సొంత కళ్లు లేవు. దగ్గర్లో తోడు ఉన్న ఫోన్ ఏది తిరుగుతుంటే దాని కళ్లు వాడుకుంటుంది. ఫోన్ ఏదీ లేకపోతే ఆఖరిసారి కనిపించిన చోటే ఆగిపోతుంది.

ఇప్పుడు ఈ భవనంలో ఒక్క సెల్‌ఫోన్ కూడా లేదు. ఇక వచ్చేది ఒక్కటే. వడ్రంగి జేబులోది.

బిళ్లని సంచిలో పెట్టి, సంచిని నేలమాళిగ చివర ఉన్న ఇనుప బీరువాలో పెట్టాడు. ఇక మెట్లు దిగి లోపలికెళ్లిన ఫోన్‌కే అది కనిపిస్తుంది. పైకొచ్చి, వాడిని లోపలికి పిలుస్తున్నట్టు ఇనుప తలుపు బార్లా తెరిచి కింద చెక్కముక్క అడ్డుపెట్టి, బైండింగ్ గది తలుపు మూసుకుని, నల్ల ఫోన్ ఎత్తి ఇంటి ల్యాండ్‌లైన్ నంబర్ తిప్పాడు.

"హలో?"

"నేనే."

"ఎక్కణ్ణుంచి?" ఆగింది. "మీ చుక్క ఆఫీసులో ఉంది."

"అది అక్కడే ఉంటుంది. నేను అక్కడ ఉండను. ఎప్పుడూ లేను."

వెనక కూతురు ఎవరితోనో ఫోన్‌లో పోట్లాడుతోంది.

"తెలుసు" అంది భార్య. "మీ ఆఫీసుకి ఒకసారి వచ్చాను. మీ కుర్చీ మీద దుమ్ముంది."

"సంచిలో కుట్టింది నువ్వేగా?"

"కోపమొచ్చిందా?"

"కోపానికి టైం లేదు. సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకో. సంచి ఎప్పుడు కనిపించిందని చూపిస్తోంది?"

"ఆఖరిసారి... ముప్పై ఆరు నిమిషాల క్రితం అంటోంది. లైబ్రరీ." గొంతు మారింది. "ఏమండీ, ప్రమాదమా?"

"నువ్వు చెప్పే ఒక్క మాట బట్టి ఉంటుంది. అలాగే చూస్తూ ఉండు. 'ఇప్పుడే' అని మారగానే చెప్పు. నేను మాట్లాడను. నువ్వూ మాట్లాడకు. అది మారినప్పుడే మాట్లాడు."

"సరే."

ఇంకేమీ అడగలేదు. ఇరవై ఆరేళ్లలో ఆయనకి దొరికిన ఏ అసిస్టెంటూ ఇంత తక్కువ ప్రశ్నలు వేయలేదు.

బయట ముందు తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు వినిపించలేదు, రబ్బరు బూట్లు. నేల చెక్క ఒకటి మాత్రం మూలిగింది, హాల్లో. మళ్లీ ఇంకొకటి, దగ్గరగా. మాస్టారు ఊపిరి బిగబట్టాడు. తలుపు అవతల ఎవరో ఆగారు. చెక్క తలుపు, రెండు అంగుళాల మందం. అవతల ఒక మనిషి, ఇవతల ఒక మనిషి.

తొందరపడి తీస్తే ఎదురుగా వాడుంటాడు. ఆలస్యం చేస్తే వాడు బీరువాలో సంచి తప్ప ఏమీ లేదని చూసి పైకొచ్చేస్తాడు. ఆయన చెవిలో భార్య ఊపిరి మాత్రమే వినిపిస్తోంది.

ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం సగంలో ఉండగా,

"ఇప్పుడే!" అంది భార్య.

రిసీవర్ వదిలేశాడు. తలుపు, ఆరడుగులు, మోకాలు భగ్గుమంది. ఇనుప తలుపు కింద అడ్డుగా ఉన్న చెక్కముక్కని తన్నాడు. మెట్ల చివర బూడిదరంగు చొక్కా వెనక్కి తిరిగింది. ఒక చేతిలో ఫోన్ వెలుగు, ఇంకో చేయి పైకి లేస్తోంది. తలుపు మీద పడ్డాడు మాస్టారు. మూతపడుతున్న ఇనుముకి ఏదో ఠంగున తగిలింది. గడియ సగం దాకా వెళ్లి తుప్పుకి పట్టేసింది. లోపల బూట్లు మెట్లెక్కుతున్నాయి, మూడేసి మెట్లు ఒక్క అంగలో. భుజంతో తలుపు ఒత్తి, రెండు చేతులతో గడియని కొట్టాడు. తుప్పు రాలింది. గడియ దిగింది.

అదే క్షణంలో అవతలి నుంచి ఒక మనిషి బరువంతా తలుపుని గుద్దింది. తలుపు కదల్లేదు.

మాస్టారు అలాగే నేల మీద కూలబడ్డాడు. వేలాడుతున్న రిసీవర్‌లోంచి "ఏమండీ, ఏమండీ" అని వినిపిస్తోంది. పాక్కుంటూ వెళ్లి అందుకున్నాడు.

"ఉన్నాను" అన్నాడు.

అటువైపు భార్య అప్పుడు ఏడ్చింది.

* * *

దుబాసి మూడూ యాభై ఎనిమిదికి కమిటీ ముందు కుర్చీలో కూర్చుంది. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా మొదలుపెట్టి ఆరు గంటలు మాట్లాడింది. నేలమాళిగలో వడ్రంగి, విమానాశ్రయంలో ఏడుగురు దొరికారు.

చుక్క రెండు రోజుల తర్వాత లిఫ్టుల ఆఫీసు నాలుగంతస్తులూ ఎక్కి వచ్చింది. ఎడమ చేతికి కట్టు, నలిగిన చీర. వాచీలాయన పేరు తన వాంగ్మూలంలో మొదట తనే రాసింది. కుర్చీ చుక్కల సంగతి కూడా రాసింది. పెద్దాయన అది చదివి సొరుగులో పెట్టి, ఏమీ అనలేదు. ఏమైనా అంటే ఆవిడకి కాస్త తేలికయ్యేదేమో.

మాస్టారి రిపోర్టు మాత్రం ఒకచోట ఆగిపోయింది. వాచీలాయన ఆచూకీ ఎలా బయటపడింది? ఆ గడి ఖాళీగా ఉంది.

పెద్దాయన ఆ గడి మీద వేలు పెట్టాడు. "మీ ఆవిడకి తెలుసా?"

"సంచి వల్ల నాకు ప్రమాదం వచ్చిందని తెలుసు. వాచీలాయన సంగతి తెలియదు."

"చెబుతావా?"

"లేదు సార్. నా సంచి. నేను చూసుకోవాల్సింది. ఆ బరువు నేనే మోస్తాను."

పెద్దాయన పెన్ను తీసి ఆ గడిలో "కారణం తెలియరాలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన తెలిసి రాసిన మొదటి అబద్ధం కాదది. ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"కొన్నాళ్లు ఇంట్లో ఉండు" అన్నాడు. "మళ్లీ పిలిచేదాకా ఎక్కడికీ వెళ్లొద్దు. ఇది ఆర్డర్."

ఆదివారం ఉదయం భార్య దుప్పట్లు ఉతికింది. ఒకటి తెచ్చి, ఒక కొస ఆయన చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని పిండడం మొదలుపెట్టింది. కూతురు బయటికెళ్లింది, ఫోన్ బల్ల మీద వదిలేసి. స్నేహితురాళ్లని మొహమ్మీదే అడిగేసి వస్తానంది.

"ఇంకా ఏమైనా ఉందా, నాకు చెప్పనిది?" భార్య అడిగింది, దుప్పటి మెలి తిప్పుతూ.

మాస్టారు తన కొస ఇంకోసారి మెలి తిప్పాడు. దుప్పటి నుంచి నీళ్లు కారాయి. భార్య ఆయన మొహం చూసి, మళ్లీ అడగలేదు.

"గట్టిగా పట్టుకోండి" అంది. "జారిపోతోంది."

గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి ఆయన ఎక్కడున్నాడో ఆయన భార్యకి కచ్చితంగా తెలుసు: బాల్కనీలో, తడి చొక్కాతో, దుప్పటిని తప్పువైపు మెలి తిప్పుతూ.